గ్రామర్‌లో 20కి 18, చదివింది చెప్పమంటే మౌనం: ఇంగ్లిష్ పరీక్ష ఎలా పెట్టాలి?

ఆదివారం_బడి
అందరికీ నమస్కారం. సీతాఫల్‌మండిలో ఒక చిన్న కమ్యూనిటీ హాల్లో ప్రతి ఆదివారం పొద్దున ఉచితంగా ఇంగ్లిష్ చెబుతున్నాను. 26 మంది వస్తున్నారు. ఎక్కువమంది ఇంటర్, డిగ్రీ పిల్లలు. ఇద్దరు గృహిణులు, ఒక డెలివరీ అబ్బాయి కూడా ఉన్నారు. అందరినీ ఒకే చోట కూర్చోబెడితే ఎవరికీ న్యాయం జరగడం లేదు, అందుకే రెండు బ్యాచ్‌లు చేద్దామని పోయిన వారం ఒక పరీక్ష పెట్టాను. ఖాళీలు పూరించే గ్రామర్ బిట్లు 20, పదాలకు అర్థాలు 10, చార్మినార్ మీద ఒక పేరా, దాని కింద 5 ప్రశ్నలు. అన్నిటికీ నాలుగేసి ఆప్షన్లు.

ఒకమ్మాయికి గ్రామర్‌లో 18 వచ్చాయి, పేరా కింద ఐదుకు ఐదూ కరెక్టే. పెద్ద బ్యాచ్‌లో వేసేద్దామనుకుని, పక్కన కూర్చోబెట్టుకుని ఇంకో పేరా ఇచ్చాను. "ఇందులో ఏముందో తెలుగులోనే చెప్పమ్మా" అన్నాను. పాపం, పేజీ వంకే చూస్తూ ఉండిపోయింది. డెలివరీ అబ్బాయికి గ్రామర్‌లో 7 వచ్చాయి. అతను మాత్రం మిక్సీ వారంటీ కార్డు చదివి, మోటార్‌కి ఎన్నేళ్లు, జార్‌కి ఎన్నేళ్లు, నీళ్లు పోతే వారంటీ ఎందుకు వర్తించదో టకటకా చెప్పేశాడు.

మరి నా పరీక్ష దేన్ని కొలిచినట్టు? రెండు రోజులుగా ఇదే ఆలోచన. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తార్నాక_పాఠకురాలు
సర్, ముందుగా ఆ చార్మినార్ పేరా సంగతి చూడండి. ప్రశ్నలేమిటి? ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టించారు, ఎన్ని మినార్లు ఉన్నాయి, ఇలాంటివే కదా? 1591 అని, కులీ కుతుబ్‌షా అని హైదరాబాద్‌లో చదువుకున్న పిల్లలకు నోటికి వచ్చు. నాలుగు మినార్లని పేరులోనే ఉంది. పేరా చదవకుండానే ఐదులో మూడు పెట్టేయొచ్చు.

ఒక పని చేయండి. పేరా ఇవ్వకుండా ప్రశ్నలు మాత్రమే నలుగురైదుగురికి ఇచ్చి చూడండి. ఎక్కువమంది సరిగ్గా పెడితే ఆ ప్రశ్నలకూ చదవడానికీ సంబంధం లేనట్టే. ఇంగ్లిష్ పరీక్షలు తయారుచేయడం మాకు నేర్పినప్పుడు మొదట చేయించిన పని ఇదే. నేను చదివింది ఇక్కడి ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో. మేం చదివే రోజుల్లో ఆ క్యాంపస్‌ని అందరూ సీఫెల్ అనేవాళ్లు. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అయింది. 1958లో ఆ సంస్థ మొదలైందే ఇంగ్లిష్ ఎలా బోధించాలో టీచర్లకు నేర్పడానికి.

ఆదివారం_బడి
మేడమ్, మీరు చెప్పినట్టే చేశాను. మా వీధిలో, క్లాసుకు రాని ఐదుగురు పిల్లలకు ప్రశ్నలు మాత్రమే ఇచ్చాను. సంవత్సరం అందరూ సరిగ్గా పెట్టారు, కట్టించిందెవరో నలుగురు పెట్టారు. "ఈ పేరాకు తగిన శీర్షిక ఏది" అన్న ప్రశ్నకు కూడా ముగ్గురు సరైనదే గుర్తించారు! నాలుగు ఆప్షన్లలో అదొక్కటే పొడుగ్గా, పద్ధతిగా ఉంది, అందుకే పెట్టామన్నారు. ఆ ఆప్షన్ రాసింది నేనే. అలా రాశానన్న సంగతి వాళ్లు చెప్పేదాకా నాకే తెలియదు.

హైస్కూల్_ఇంగ్లిష్
నేను ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది కాబట్టి ఈ బాధ నాకు రోజూ ఉండేదే. పిల్లలు పేరా చదవకుండా జవాబు పెట్టడం ఒక సమస్య. పేరా చూసి, అర్థం కాకుండానే జవాబు పెట్టడం ఇంకా పెద్ద సమస్య. ఇది చూడండి:

"నిన్న ఒక గిబ్బి లొటాకు మీద తుంపిలింది. దాని జొరికలు మూడు."
గిబ్బి ఎక్కడ తుంపిలింది? లొటాకు మీద.
గిబ్బికి ఎన్ని జొరికలు? మూడు.

రెండుకు రెండు మార్కులు. గిబ్బి అంటే ఏమిటో మీకూ తెలియదు, నాకూ తెలియదు. మన పిల్లలు ఇంగ్లిష్ పేరా కింద ప్రశ్నలకు జవాబులు రాసేది చాలాసార్లు ఇలాగే. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతుకుతారు, ఆ వాక్యం మొత్తం దించేస్తారు. మేం కూడా మార్కులు వేసేస్తాం.

అందుకని ప్రశ్నలో పేరాలోని మాటలు వాడకండి. పేరాలో "షాపు తొమ్మిదింటికి మూస్తారు" అని ఉంటే, "తొమ్మిదిన్నరకు వెళ్తే పాల ప్యాకెట్ దొరుకుతుందా?" అని అడగండి. ఇంకో మాట, దీనికి కొందరు ఒప్పుకోకపోవచ్చు: జవాబు తెలుగులో రాయనివ్వండి. మీరు చూడాల్సింది చదివి అర్థం చేసుకున్నాడా లేదా అని. జవాబు ఇంగ్లిష్‌లోనే రాయాలంటే రాయడం రానివాడికి చదవడం కూడా రాదని మనమే తేల్చేసినట్టు అవుతుంది.

గ్రూప్స్_రూమ్‌మేట్
అన్నా, తెలుగులో జవాబు అన్న మాట దగ్గర నేను ఒప్పుకోను. ఏమనుకోవద్దు.

నేను అశోక్‌నగర్‌లో ఉంటాను, చిక్కడపల్లి లైబ్రరీలో మూడేళ్లుగా చదువుతున్నాను. నేను రాసే పరీక్షల్లో ఎవరూ నన్ను తెలుగులో అడగరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే స్టాఫ్ సెలక్షన్ సీజీఎల్ మొదటి దశలో ఇంగ్లిష్ బిట్లు 25, ఒక్కోటీ రెండు మార్కులు, తప్పు పెడితే అర మార్కు కట్. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ పేపర్ పదో తరగతి స్థాయిదే, క్వాలిఫై అయితే చాలు, కానీ అది పోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు. ఆ పేపర్‌కి టెన్షన్ పడి పల్లె నుంచి వచ్చినవాళ్లు రాత్రిళ్లు నిద్రపోరు. మీ క్లాసుకు వచ్చే పిల్లలకు రేపు కావాల్సింది ఇదే. బిట్లు కొట్టడం కూడా ఒక విద్యే అన్నా. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే మాలాంటి వాళ్లకు బాధనిపిస్తుంది.

హైస్కూల్_ఇంగ్లిష్
తమ్ముడూ, నీ కష్టాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఆ పేపర్లకు ప్రాక్టీస్ చేయాల్సిందే. కానీ సీతాఫల్‌మండి సర్‌కి ఉద్యోగానికి ఎవరిని తీసుకోవాలన్న సమస్య లేదు. ఎవరికి ఎక్కడి నుంచి పాఠం మొదలుపెట్టాలో తెలియాలి, అంతే.

తార్నాక_పాఠకురాలు
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, పరీక్షలు వేరు కాబట్టి. లక్షల మందిలోంచి కొందరిని ఏరే పరీక్షకు వేగం కావాలి, యంత్రం దిద్దేలా ఉండాలి, అందుకే బిట్లు. క్లాసులో పెట్టేది జ్వరం చూడటం లాంటిది. జ్వరం ఉందని తెలిస్తే సరిపోదు, ఎందుకొచ్చిందో తెలియాలి. నాలుగు ఆప్షన్లతో 20 బిట్లు పెడితే కళ్లు మూసుకుని పెట్టినవాడికి కూడా సగటున ఐదు వస్తాయి. మీ డెలివరీ అబ్బాయికి వచ్చిన ఏడులో ఎన్ని తెలిసి పెట్టాడో, ఎన్ని గుడ్డిగా పెట్టాడో ఆ కాగితం చెప్పదు. పద్దెనిమిది వచ్చిన అమ్మాయి సంగతి వేరు, ఆమె గుడ్డిగా పెట్టలేదు. ఆమెకు ఏదో తెలుసు. ఆ తెలిసిందేమిటన్నదే ప్రశ్న.

వీసా_వెయిటింగ్
విదేశాలకు వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రెండుసార్లు రాశాను, అందుకని రీడింగ్ గురించి ఒక మాట. అకడమిక్‌లో మూడు పెద్ద పాసేజ్‌లు, 40 ప్రశ్నలు, గంట టైమ్. నెగెటివ్ మార్కులు లేవు. నన్ను ముంచింది "ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్". ఒక వాక్యం ఇచ్చి, పాసేజ్ ప్రకారం అది నిజమా, తప్పా, అసలు ఆ సంగతే అందులో లేదా అని అడుగుతారు. మొదటిసారి వాటిలోనే సగం పోయాయి.

కారణం తర్వాత తెలిసింది. పాసేజ్‌లో లేని సంగతిని నా బుర్రలోంచి తెచ్చి ట్రూ పెట్టేస్తున్నాను. తేనెటీగల గురించి పాసేజ్ ఉంటే, తేనె ఆరోగ్యానికి మంచిదని మా అమ్మమ్మ చెప్పింది కాబట్టి అది ట్రూ. పాసేజ్ రాసినాయన ఆ మాటే ఎత్తలేదని గమనించను. చిన్నప్పటి నుంచి మనకు "తెలిసింది రాయి" అనే చెప్పారు గానీ, "ఈ కాగితంలో ఉన్నంతే చెప్పు" అని ఎవరూ నేర్పలేదు.

ఇంకోటి, "డౌట్" అనే మాట. "ఐ డౌట్ హి విల్ కమ్" అని ఉంది. అతను వస్తాడేమోనని అనుమానం అనుకున్నాను, అంటే వచ్చే అవకాశం ఉందని. అసలు అర్థం పూర్తిగా ఉల్టా, అతను రాకపోవచ్చని. ఆ ఒక్క మాటతో మూడు ప్రశ్నలు పోయాయి. "డౌట్" నాకు తెలియని పదమైతే ఆగి ఆలోచించేవాణ్ణి. రోజూ వాడే పదం కదా అని ఆగలేదు.

అమ్మ_కూకట్‌పల్లి
ఇది చదివాక నా గుండెలో ఉన్నది చెప్పాలనిపించింది. మా బాబు నాలుగో తరగతి. ఇంగ్లిష్ పాఠం గడగడా చదువుతాడు, ఇంటికొచ్చిన వాళ్లందరూ మెచ్చుకుంటారు. నిన్న రాత్రి ఒక పేజీ చదివించి, ఆ కథలో కుక్క ఎందుకు ఏడ్చిందని అడిగాను. "కుక్క ఉందా మమ్మీ?" అన్నాడు. నాకు ఏమనాలో తోచలేదు.

పదాల్లోనూ తికమక ఉంది. దో, త్రూ, థాట్, టఫ్ ఈ నాలుగూ వాడికి ఒకేలా కనిపిస్తాయి. ఒకదాని బదులు ఇంకోటి చదివేసి వెళ్లిపోతాడు. వాడికి తెలుగు రాదని తిట్టేదాన్ని, ఇప్పుడు ఇంగ్లిష్ కూడా రాదేమో అని భయం పట్టుకుంది.

హైస్కూల్_ఇంగ్లిష్
భయపడకండి అమ్మా. పైకి చదవడం, అర్థం చేసుకోవడం రెండూ వేరు వేరు పనులు. తెలుగులో అక్షరాలు వస్తే ఏ మాటనైనా చదివేయొచ్చు, రాసినట్టే పలుకుతాం. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. మీరు చెప్పిన నాలుగింటిలోనూ ఓ, యూ, జీ, హెచ్ అనే నాలుగక్షరాలే ఉన్నా ఒక్కోదాంట్లో ఒక్కోలా పలుకుతాయి. పిల్లవాడి శక్తంతా పలకడానికే ఖర్చయిపోతే కథకు ఇంకేం మిగులుతుంది?

పల్లెల్లో పిల్లల చదువును చూసే అసర్ సర్వేలో పిల్లవాణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టుకుని అక్షరం, పదం, చిన్న పేరా, కథ అని మెట్లు మెట్లుగా చదివిస్తారు. ఎక్కడ ఆగితే అదే వాడి మెట్టు. మీరూ అలాగే చూడండి, దాంతోపాటు ఇంకొకటి చేయండి. రెండు వాక్యాలు చదవగానే ఆపి, "ఇప్పుడు ఏమైంది?" అని తెలుగులో అడగండి. వాడు చెప్పకపోతే వాక్యం మీరు చదవండి, వాడు వింటాడు. విని చెప్పగలిగితే ఇబ్బంది పలకడం దగ్గర. విన్నా చెప్పలేకపోతే మాటల దగ్గర. ఈ రెండింటికీ మందు వేరు. తిట్టడం మాత్రం దేనికీ మందు కాదమ్మా.

ఆదివారం_బడి
మరి గ్రామర్ సంగతేమిటి? ఆ 18 వచ్చిన అమ్మాయిని నిన్న మళ్లీ కూర్చోబెట్టి, ఒక్కో బిట్‌కీ "ఇదెందుకు పెట్టావమ్మా?" అని అడిగాను. ఆమె జవాబులు యథాతథంగా రాస్తున్నాను: "యెస్టర్‌డే ఉంది కదా సర్, అందుకే రెండో రూపం." "సిన్స్ ఉంది, అందుకే హాజ్ బీన్." "ఎవ్రీ డే ఉంది, అందుకే ఎస్ చేర్చాలి." వాక్యం మొత్తం ఒక్కసారి కూడా చదవలేదు! ఆ ఒక్క మాట కనిపించగానే పెన్ను ఆప్షన్ మీదికి వెళ్లిపోతోంది. ఆమె తప్పేం లేదు, అలాగే నేర్పారు. నేనూ కొన్నేళ్లు అలాగే నేర్పాను.

హైస్కూల్_ఇంగ్లిష్
చాలా మంచి పని చేశారు సర్. ఇరవై బిట్ల కంటే ఆ పావుగంట ఎక్కువ చెప్పింది చూడండి.

ఇక్కడ మన తెలుగు సంగతి ఒకటి గుర్తుపెట్టుకోవాలి. "రోజూ వాకింగ్‌కి వెళ్తాను", "రేపు వరంగల్ వెళ్తాను" రెండింటికీ మనకు "వెళ్తాను" ఒక్కటే. అందుకే మన పిల్లలు "డైలీ ఐ విల్ గో" అంటారు. వాళ్లకు అలవాటు వేరు, రేపటి పని వేరు అన్న తేడా తెలియక కాదు. తెలుగులో ఆ తేడాను క్రియ చూపించదు, పక్కనున్న రోజూ, రేపు అన్న మాటలు చూపిస్తాయి. కాబట్టి ఇంగ్లిష్‌లోనూ పక్క మాటనే పట్టుకుంటారు. ఆ పక్క మాట తీసేసి పరీక్ష పెట్టండి.

నేను పెట్టేది ఇలా ఉంటుంది. "ఐ హావ్ లాస్ట్ మై కీస్" అని ఒకడన్నాడు, "ఐ లాస్ట్ మై కీస్" అని ఇంకొకడన్నాడు. ఎవడి తాళాలు ఇప్పటికీ దొరకలేదని ఖాయంగా చెప్పగలం? మొదటివాడివి. రెండోవాడు పోయాయని మాత్రమే అన్నాడు, తర్వాత దొరికాయో లేదో ఆ వాక్యం చెప్పదు. క్లాసులో ఈ ప్రశ్న వేస్తే అందరూ తలలెత్తి చూస్తారు. గ్రామర్‌కి అర్థం ఉంటుందని చాలామందికి అప్పుడే తెలుస్తుంది.

ఇంకోటి: "ది డాక్టర్ హూ ట్రీటెడ్ మై అంకుల్ ఈజ్ ఫ్రమ్ నల్గొండ." నల్గొండ ఎవరిది? మా తొమ్మిదో తరగతిలో చాలామంది అంకుల్‌దే అన్నారు. అంకుల్ పక్కనే నల్గొండ ఉంది కదా! మనం "మా మామయ్యకు వైద్యం చేసిన డాక్టర్" అంటాం, వివరమంతా ముందు వచ్చేసి డాక్టర్ చివర్న కూర్చుంటాడు. ఇంగ్లిష్‌లో డాక్టర్ ముందొచ్చి వివరం వెనకాల వస్తుంది. ఇది గ్రామర్ ప్రశ్నా, రీడింగ్ ప్రశ్నా అంటే నేను విడదీసి చెప్పలేను. నిజానికి విడదీయకూడదనే నా అభిప్రాయం.

గ్రూప్స్_రూమ్‌మేట్
అన్నా, నల్గొండ ప్రశ్న మా రూమ్‌లో నలుగురికి వేశాను. ఇద్దరు అంకుల్‌దే అన్నారు. అందులో ఒకడు సీజీఎల్ మాక్‌లో ఇంగ్లిష్‌లో ఎప్పుడూ 40 దాటేవాడు. ఒప్పుకుంటున్నాను.

తార్నాక_పాఠకురాలు
పదాల పరీక్ష గురించి కూడా చెప్పేస్తాను. పది పదాలు ఏరి అర్థం అడిగితే, ఆ పది తెలుసో లేదో తెలుస్తుంది, అంతే. ఏ పదాలు అడుగుతున్నామన్నది ముఖ్యం. పాల్ నేషన్ అనే న్యూజిలాండ్ పండితుడు 1983లో ఒక పద్ధతి పెట్టారు. ఇంగ్లిష్‌లో ఎక్కువ వాడే మొదటి 2000 పదాల్లోంచి కొన్ని, ఆ తర్వాత 3000, 5000, 10000 స్థాయిల్లోంచి కొన్ని అడుగుతారు. ఒక పక్క ఆరు పదాలు, ఇంకో పక్క మూడే అర్థాలు ఉంటాయి, జతపరచాలి. మూడు పదాలు మిగిలిపోతాయి కాబట్టి ఊహించి పెట్టడం కష్టం. మొదటి రెండు వేలలోనే తడబడే పిల్లవాడికి న్యూస్‌పేపర్ ఎడిటోరియల్ ఇచ్చి రీడింగ్ పరీక్ష పెట్టడం అన్యాయం. హు, నేషన్‌లు 2000లో చేసిన పరిశోధన ప్రకారం, ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే వంద మాటల్లో 98 తెలిసి ఉండాలి.

వీసా_వెయిటింగ్ గారి "డౌట్" లాంటి పదాలను మాత్రం ఆ జాబితాలు పట్టుకోలేవు. మనవైపు అలాంటివి చాలా ఉన్నాయి. కరెంట్ అంటే మనకు విద్యుత్తు మాత్రమే, "కరెంట్ సిచ్యుయేషన్" అని ఉంటే ఊళ్లో కరెంటు పోయిందేమో అనుకునే పిల్లల్ని చూశాను. హోటల్ అంటే టిఫిన్ చేసే చోటు. "ఫీల్ అయ్యాడు" అంటే బాధపడ్డాడని. ఇవి తెలిసిన పదాలే అనుకుంటాం కాబట్టి డిక్షనరీ తీయం. మీ పరీక్షలో ఇలాంటివి నాలుగు తప్పకుండా పెట్టండి సర్, వాక్యంలో పెట్టి అడగండి.

క్లోజ్ టెస్ట్ కూడా ప్రయత్నించండి. విల్సన్ టేలర్ 1953లో దీన్ని తెచ్చింది పిల్లల్ని పరీక్షించడానికి కాదు, ఒక రచన చదవడానికి ఎంత తేలికో చూడటానికి. ఒక పేరాలో ప్రతి ఐదో మాటా తీసేసి ఖాళీ పెడతారు, ఆప్షన్లు ఉండవు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం ముట్టుకోకండి. ఆ ఖాళీ నింపాలంటే ముందూ వెనకా చదవక తప్పదు. మొదట మన భాషలోనే ఒకటి చేసి చూపించండి, పిల్లలకు భయం పోతుంది.

ఆదివారం_బడి
మొన్న ఆదివారం కొత్త పరీక్ష పెట్టాను. చార్మినార్ తీసేశాను. అద్దె ఇంటి నోటీసు ఒకటి, టాబ్లెట్ అట్ట వెనకాల జాగ్రత్తలు ఒకటి, ఎనిమిది వాక్యాల క్లోజ్ ఒకటి ఇచ్చాను. జవాబులు తెలుగులో రాయొచ్చని చెప్పాను. నల్గొండ డాక్టర్ కూడా ఉన్నాడు.

ఒక ప్రశ్న మాత్రం నాదే తప్పు. "షి ఈజ్ ___ ది హాస్పిటల్" అని పెట్టి ఇన్ మాత్రమే సరైనదని రాసుకున్నాను. ఎక్కువ మార్కులు వచ్చిన ఎనిమిది మందిలో ఐదుగురు ఎట్ పెట్టారు, తక్కువ వచ్చిన ఎనిమిది మందిలో ఆరుగురు ఇన్ పెట్టారు. బాగా వచ్చినవాళ్లు తప్పు చేసి, రానివాళ్లు సరిగ్గా పెట్టడమేమిటని చూస్తే రెండూ కరెక్టే! ఆ ప్రశ్న తీసేసి అందరికీ మార్కులు సరిచేశాను.

టాబ్లెట్ అట్ట మీద "డు నాట్ టేక్ అన్‌లెస్ అడ్వైజ్డ్" అన్న వాక్యం ఉంది. సలహా ఇస్తే తప్ప వేసుకోకూడదని దాని అర్థం. రాయమంటే, సలహా ఇస్తే వేసుకోకూడదని తొమ్మిది మంది రాశారు. గృహిణుల్లో ఒకావిడ ఆ కాగితం మళ్లీ అడిగి తీసుకుని, "ఇన్నాళ్లూ మా అత్తగారికి నేనే చదివి ఇస్తున్నాను సర్" అంది. ఆమె మొహం చూశాక ఇక మార్కులు లెక్కపెట్టబుద్ధి కాలేదు. వచ్చే రెండు వారాలూ రెండు బ్యాచ్‌ల వాళ్లకీ మందుల అట్టల మీద పాఠమే.

ఆ 18 అమ్మాయి క్లోజ్‌లో సగం ఖాళీలు వదిలేసింది, కానీ తాళాల ప్రశ్నకు సరైన జవాబు పెట్టి, పక్కన తెలుగులో కారణం కూడా రాసింది. డెలివరీ అబ్బాయి నోటీసు మొత్తం సరిగ్గా చెప్పాడు, నల్గొండ మాత్రం అంకుల్‌కే ఇచ్చాడు. వాళ్లిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టాను.

ఇప్పుడు నా ఇబ్బంది వేరే. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని "ఎందుకు పెట్టావు" అని అడగాలంటే 26 మందికి నా ఒక్కడి వల్ల కాదు.

గ్రూప్స్_రూమ్‌మేట్
అన్నా, ఆదివారం మధ్యాహ్నం దాకా నాకు ఖాళీయే. నేను, మా రూమ్‌మేట్ ఇద్దరం వస్తాం. పక్కన కూర్చుని ఏం అడగాలో చెప్పండి. ఎంఎంటీఎస్ స్టేషన్ నుంచి ఎంత దూరం?

ఆదివారం_బడి
నడిస్తే పది నిమిషాలు తమ్ముడూ. ఏడింటికల్లా రండి, టీ తాగి మొదలుపెడదాం. తప్పో ఒప్పో ముందే చెప్పొద్దు, వాళ్లు చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే రాసుకోండి, అంతే. అడ్రస్ మెసేజ్‌లో పంపుతున్నాను.